హస్తవాసి అనే చిల్లర దేవుడు

దేవుడు లేడని వాదించడానికి మన దగ్గర బోలెడన్ని పుస్తకాలున్నాయి. బాబాల మహిమల గుట్టు విప్పడానికి కావలసిన సరంజామా మన సంఘాల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. గాలిలోంచి విభూతి ఎలా తీస్తారో, నిప్పుల మీద కాలు కాలకుండా ఎలా నడుస్తారో ఊరూరా చేసి చూపిస్తాం. కానీ మన ఇళ్ళలోనే, మన వంటగదుల్లోనే తిష్ట వేసుకుని కూర్చున్న ఒక చిల్లర దేవుడి జోలికి మాత్రం మనలో ఎవరూ వెళ్ళరు. ఆయన పేరు హస్తవాసి.

"ఆవిడ హస్తవాసి మంచిది, ఏ ఊరగాయ పెట్టినా ఏడాది నిలుస్తుంది." "ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిది, బిళ్ళ వేసుకోగానే జ్వరం దిగింది." "నా చేతికి పిండి పొంగదమ్మా, నా చెయ్యే అంత." ఈ మూడు మాటలూ మీరు వినే ఉంటారు. నాస్తికుల ఇళ్ళలో కూడా వినే ఉంటారు. ఇందులో దేవుడి పేరు లేదు, పూజ లేదు, దక్షిణ లేదు. కాబట్టి ఇది మూఢనమ్మకం అని మనకు తోచదు. ఏదో మాటవరసకి అనే మాటే కదా అని వదిలేస్తాం. మాటవరసకి అనే ఈ మాట ఎంత నష్టం చేస్తోందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు నాకు దీనితో ఏం పనో చెబుతాను. నేను నోయిడాలో ఉంటున్న తెలుగువాణ్ణి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక రెండు పనులు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఒకటి ఊలుతో స్వెట్టర్లు అల్లడం, రెండోది ఓవెన్‌లో బ్రెడ్డూ కేకులూ చేయడం. మన కోస్తా జిల్లాల్లో స్వెట్టరు అల్లే వాళ్ళని వెతుక్కోవాలి గానీ, ఇక్కడ డిసెంబరు వచ్చిందంటే అపార్ట్‌మెంటు పార్కులో ఎండ పడే ప్రతి బెంచీ మీదా రెండు సలాయీలూ ఒక ఊలు ఉండా కనిపిస్తాయి. "దో సీధా, దో ఉల్టా" అని లెక్క పెట్టుకుంటూ కబుర్లు చెప్పుకునే ఆ ఆడవాళ్ళ దగ్గరే నేను అల్లిక నేర్చుకున్నాను. బ్రెడ్డు మాత్రం పుస్తకాలు చదివి, పొంగే పిండిని గంటలు గంటలు గమనించి నేర్చుకున్నాను.

ఇప్పుడు మా ఇంటికొచ్చి బ్రెడ్డు తిన్న తెలుగు వాళ్ళు అనే మొదటి మాట, "మీ హస్తవాసి భలే ఉందండీ!" దీన్ని మెచ్చుకోలుగా తీసుకోమంటారు. నాకైతే ఇది నా నోటు పుస్తకాన్ని చింపి పారేసినట్టు ఉంటుంది. ఆ పుస్తకంలో ప్రతి బ్రెడ్డుకీ తేదీ, ఆ రోజు గది ఉష్ణోగ్రత, మైదా బరువు, నీళ్ళ బరువు, పిండి రెట్టింపు కావడానికి పట్టిన సమయం రాసి ఉన్నాయి. ఆ అంకెలన్నిటినీ పక్కకు నెట్టి, ఆ ఘనత నా అరచేతికి కట్టబెట్టడం ఏ రకమైన గౌరవం?

అసలు బ్రెడ్డు పొంగేది ఎందుకు? ఈస్ట్ ఒక ప్రాణి. పిండిలోని చక్కెరలను తిని బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. మైదాలోని ప్రోటీన్లు నీళ్ళతో కలిసి గ్లూటెన్ అనే సాగే వలగా మారతాయి. ఆ వలలో వాయువు చిక్కుకుంటుంది, ముద్ద పొంగుతుంది. ఈ ఈస్ట్‌కి మీ గోత్రం తెలియదు, మీ చేతి రేఖలు తెలియవు. దానికి తెలిసింది వేడి. మామూలు గది ఉష్ణోగ్రతల్లో పది డిగ్రీలు పెరిగితే దాని పని వేగం సుమారు రెండింతలవుతుంది. 60 డిగ్రీల దగ్గరకు వెళితే చచ్చిపోతుంది. నోయిడాలో మే నెలలో వంటగది 38 డిగ్రీలుంటుంది. జనవరిలో అదే వంటగది 12 డిగ్రీలుంటుంది. మేలో గంటలోపే పొంగే ముద్ద జనవరిలో నాలుగైదు గంటలు తీసుకుంటుంది. మేలో నేర్చుకున్న మనిషి జనవరిలో గంట తర్వాత తీసి కాలిస్తే ఇటుక వస్తుంది. "నా చెయ్యి మంచిది కాదు" అనుకుని ఓవెన్‌ను అటక మీద పెట్టేస్తుంది. తప్పు థర్మామీటరు లేకపోవడంలో ఉంది, శిక్ష మాత్రం చేతికి పడింది.

ఇడ్లీ పిండి సంగతీ అంతే. విజయవాడ నుంచో విశాఖ నుంచో కొత్తగా ఇక్కడికి వచ్చిన ప్రతి కుటుంబానికీ మొదటి చలికాలంలో ఇదే గొడవ. రాత్రి రుబ్బిన పిండి పొద్దున చూస్తే రుబ్బింది రుబ్బినట్టే ఉంటుంది. "ఈ ఊరు నీళ్ళు పడలేదు" అనే వాళ్ళు కొందరు, "దిష్టి తగిలింది" అనే వాళ్ళు కొందరు. ఇడ్లీ పిండిని పొంగించే ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియాకి మంచి వెచ్చదనం కావాలి. గిన్నెని ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేడి ఆన్ చేయకుండా లోపలి బల్బు ఒక్కటి వేసి ఉంచండి. పొద్దునకి దిష్టి దిగిపోతుంది!

ఇంకొక కారణం కొలత. మనవాళ్ళు మైదాని గ్లాసుతో కొలుస్తారు. ఒకే కప్పులో మైదాని వదులుగా పోస్తే సుమారు 120 గ్రాములు, అదిమి పోస్తే 150 గ్రాములు పడుతుంది. అంటే పాతిక శాతం తేడా. నీళ్ళు మాత్రం అవే. ఒకావిడ ముద్ద రాయిలా, ఇంకొకావిడ ముద్ద దూదిలా రావడానికి ఇది చాలు. ఇద్దరూ ఒకే పుస్తకం చూసి చేశారు కాబట్టి తేడా చేతిలోనే ఉందని తీర్పు చెప్పేస్తారు. నిజానికి ఇద్దరూ ఒకే పిండి కలపనే లేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ కాటా ఒకటి కొనుక్కుంటే హస్తవాసి సగం చస్తుంది.

అల్లికలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అల్లిక అంతా లెక్కే. ఉన్నవి రెండే కుట్లు, సీధా, ఉల్టా. ఈ రెండిటి వరసలతోనే గళ్ళూ జడలూ అన్నీ వస్తాయి. ఒక డిజైనులో పది సెంటీమీటర్లకు 22 ఫందాలు రావాలని రాసి ఉంటుంది. ఛాతీ చుట్టుకొలత 100 సెంటీమీటర్లు కావాలంటే 220 ఫందాలు ఎక్కించాలి. దారం గట్టిగా లాగే మనిషికి అదే ఊలుతో, అదే సూదితో పది సెంటీమీటర్లలో 24 ఫందాలు వస్తాయి. ఆ స్వెట్టరు 92 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. వదులుగా అల్లే మనిషికి 20 వస్తాయి. ఆ స్వెట్టరు 110 సెంటీమీటర్లు అవుతుంది. ఒకరిది పిల్లాడికి చాలదు, ఇంకొకరిది తండ్రికి వేలాడుతుంది. "ఆవిడ చేతికి అల్లిక కుదరదు" అనేస్తారు. కుదరకపోవడం ఏమీ లేదు. ముందుగా అరచేయంత ముక్క అల్లి, స్కేలు పెట్టి కొలిచి, సూది ఒక నంబరు మార్చుకుంటే సరిపోతుంది. ఇక్కడి దుకాణాల్లో ఇంకా పాత బ్రిటిష్ నంబర్లే నడుస్తున్నాయి. 8 నంబరు సూది 4 మిల్లీమీటర్లు, 10 నంబరు సూది 3.25 మిల్లీమీటర్లు. నంబరు పెరిగితే సూది సన్నబడుతుందన్నమాట. ఇది తెలియక తలకిందులుగా కొన్న మనిషి స్వెట్టరు పాడైతే దానికి కూడా చెయ్యే బాధ్యురాలా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. "ఇవన్నీ కొలవని మా అమ్మమ్మ చేతి వంట అద్భుతంగా ఉండేది కదా? అదెలా?" అని మీరడగవచ్చు. నిజమే, ఉండేది. ఆవిడ నలభై ఏళ్ళు రోజూ అదే పని చేసింది. పిండి వేలికి ఎంత అంటుకుంటే నీళ్ళు చాలో ఆవిడ వేళ్ళకు తెలుసు. అది వేల ప్రయోగాల ఫలితం, దానికి ఎంత గౌరవం ఇచ్చినా తక్కువే. హస్తవాసి అనే మాట సరిగ్గా ఆ గౌరవాన్నే లాగేసుకుంటుంది. నలభై ఏళ్ళ పరిశీలనను పుట్టుకతో వచ్చిన వరంగా మార్చేస్తుంది. వరమైతే నేర్పడానికేమీ ఉండదు. అందుకే ఆవిడతోపాటు ఆవిడ విద్య కూడా పోయింది. ఆవిడ చేతిలో పడే చిటికెడు ఉప్పు ఎన్ని గ్రాములో ఒక్కసారి కాటా మీద చూసి రాసుకున్న మనవడు గానీ మనవరాలు గానీ ఉంటే, ఆ రుచి ఇవాళ్టికీ మన ఇంట్లో ఉండేది.

ఇక హస్తవాసి ఎలా రుజువైపోతుందో చూడండి. దీనికి నేనుండే ఊరే ఒక మంచి పాఠం. నోయిడాకి ఒక శాపం ఉందని చాలా ఏళ్ళు నమ్మారు. ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి ఎవరైనా ఇక్కడ అడుగుపెడితే పదవి ఊడుతుందట. 1988లో ఇక్కడికి వచ్చి వెళ్ళాక వీర్ బహదూర్ సింగ్ దిగిపోయారు, అక్కడ మొదలైంది కథ. 2011లో మాయావతి వచ్చి స్మారక పార్కును ప్రారంభించారు, 2012లో ఓడిపోయారు. చూశారా, అన్నారు. ఇందులో ఎవరూ వేసుకోని ప్రశ్న ఒకటుంది. నోయిడాకి రాని ముఖ్యమంత్రులు ఎంతకాలం నిలిచారు? ఆ రాష్ట్రంలో అయిదేళ్ళూ ఒకే దఫాలో పూర్తిచేసిన తొలి ముఖ్యమంత్రి ఆ మాయావతే! అంతకుముందు ఏ ఊరు వెళ్ళినా వెళ్ళకపోయినా అందరి పదవులూ మధ్యలోనే ఊడేవి. అఖిలేష్ యాదవ్ 2012 నుంచి 2017 దాకా నోయిడా గడప తొక్కకుండా జాగ్రత్తపడ్డారు. 2017లో ఓడిపోయారు. యోగి ఆదిత్యనాథ్ 2017 డిసెంబరులో వచ్చారు. 2022లో మళ్ళీ గెలిచారు. ఆయన రాజకీయం మనకు నచ్చినా నచ్చకపోయినా లెక్క లెక్కే.

హస్తవాసి కూడా ఇలాగే బతుకుతుంది. మంచి చెయ్యి అని పేరు పడ్డావిడ కేకు చెడిపోతే "ఇవాళ గుడ్లు బాగాలేవు" అంటారు. చెడ్డ చెయ్యి అని పేరు పడ్డావిడ కేకు బాగా వస్తే "ఏదో ఇవాళ కుదిరింది" అంటారు. కుదిరినవీ చెడినవీ రెండూ రాసిపెట్టుకునే వాళ్ళెవరూ ఉండరు. అలా ఎవరూ రాసిపెట్టుకోని చోటే శాపాలకూ వరాలకూ మనుగడ.

"సరేనండీ, ఇదంతా వంటింటి కబుర్లు. దీనివల్ల ఎవరికేం నష్టం?" అంటారా? చెబుతాను.

మొదటి నష్టం, చేతికి శక్తి ఉందని ఒప్పుకున్నాక చేతికి అశుద్ధి కూడా ఉందని ఒప్పుకోవలసి వస్తుంది. మంచి చెయ్యి పచ్చడిని నిలబెడితే ముట్టయిన చెయ్యి పచ్చడిని పాడుచేస్తుంది. రెండూ ఒకే నాణేనికి రెండు వైపులు. చదువుకున్న వాళ్ళ ఇళ్ళలో కూడా ఇవాళ్టికీ నెలసరి రోజుల్లో ఆవకాయ జాడీ ముట్టుకోనివ్వరు. ఆవకాయ పాడయ్యేది తడి గరిటె వల్ల, ఉప్పు తక్కువవడం వల్ల, పైన నూనె తేలకపోవడం వల్ల. ఈ భ్రమ ఒక్క మనదే కాదు. డిఫ్తీరియా పరీక్షతో పేరు తెచ్చుకున్న వియన్నా వైద్యుడు బేలా షిక్ 1920లో, నెలసరిలో ఉన్న పనిమనిషి ముట్టుకున్న పూలు త్వరగా వాడిపోయాయని చెప్పి, ఆడవాళ్ళ చెమటలో ఏదో విషం ఉందన్నాడు. దానికి పేరు కూడా పెట్టాడు, మెనోటాక్సిన్ అని. ఆడవాళ్ళ చేత రొట్టె పిండి కలిపించి, ముట్టయిన వాళ్ళ పిండి సరిగా పొంగలేదని కూడా రాశాడు. అంత పెద్ద డాక్టరు చెప్పాడు కదా అని కొన్ని దశాబ్దాలపాటు దాని వెంట పడిన వాళ్ళున్నారు. చివరికి అలాంటి విషమేదీ లేదని తేలింది. నలుగురైదుగురితో, ఎవరు ఏ స్థితిలో ఉన్నారో ముందే తెలుసుకుని చేసే ప్రయోగం ప్రయోగం కాదు. తెల్లకోటు వేసుకున్నా హస్తవాసి హస్తవాసే. సైన్సుకీ నమ్మకానికీ తేడా ఏమిటంటే, సైన్సు ఆ పిండిని మళ్ళీ కలిపి చూసుకుంటుంది.

రెండో నష్టం ఇంకా బరువైనది. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం దేశమంతటా కనిపించింది. రాత్రి 9.57కి మొదలై 1.26కి విడిచింది. మా అపార్ట్‌మెంటులో ఒక తెలుగమ్మాయి అప్పుడు ఎనిమిదో నెల గర్భిణి. పుట్టబోయే బిడ్డకి స్వెట్టరు అల్లుకుంటోంది, మెడ దగ్గర ఫందాలు తగ్గించడం నా దగ్గర నేర్చుకుంటోంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచే ఊరి నుంచి వచ్చిన అత్తగారు సూదులు తీసి బీరువాలో పెట్టేశారు. చాకు, కత్తెర, పిన్నీసు, సూది ఏదీ తాకకూడదట. సాయంత్రం నుంచి అన్నం నీళ్ళు లేవు. గ్రహణం పట్టినప్పటి నుంచి విడిచేదాకా చీకటి గదిలో కదలకుండా పడుకోవాలి. సెప్టెంబరు ఉక్కలో. నేను వెళ్ళి అడిగితే ఆవిడ అన్న మాట ఇది: "అన్నయ్యగారూ, మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ బిడ్డకి గ్రహణం మొర్రి వస్తే మీరు తీరుస్తారా?"

ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ భయం నిజమైనది, ప్రేమలోంచి వచ్చింది. నా కోపం మన భాషలోనే ఆ పేరుని అచ్చేసి పెట్టిన నమ్మకం మీద. గ్రహణం మొర్రి! జబ్బు పేరులోనే అబద్ధపు కారణం ఇరికించాం. ఇక ఆవిడ ఏ పుస్తకం చూసి అనుమానించాలి? బిడ్డ పై పెదవి కలుసుకునేది గర్భం నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. అంగిలి తొమ్మిదో వారానికల్లా మూసుకుంటుంది. చాలామంది ఆడవాళ్ళకి తాము గర్భిణులమని గట్టిగా తెలిసేలోపే పెదవి తయారైపోతుంది. ఎనిమిదో నెలలో తల్లి సూది పట్టుకుంటే, అప్పటికి ఆరు నెలల కిందటే అతికిన పెదవి మళ్ళీ చీలుతుందా? ప్రపంచం మొత్తం మీద సుమారు 700 మంది పిల్లల్లో ఒకరికి ఈ మొర్రి వస్తుంది, గ్రహణం కనిపించిన దేశాల్లోనూ కనిపించని దేశాల్లోనూ. పొగతాగడం, అదుపులో లేని చక్కెర జబ్బు, మూర్ఛకి వాడే కొన్ని మందులు, వంశపారంపర్యం, వీటివల్ల ప్రమాదం పెరుగుతుందని తెలుసు. ఈ జాబితాలో చంద్రుడు లేడు, సూదీ లేదు. నిండు గర్భిణిని గంటల తరబడి నీళ్ళు లేకుండా పడుకోబెట్టడంలోని ప్రమాదం మాత్రం ఏ డాక్టరునడిగినా చెబుతారు.

ఆ అమ్మాయికి ఆరోగ్యంగా బిడ్డ పుట్టింది. "చూశారా, నియమం పాటించాం కాబట్టే" అన్నారు అత్తగారు. హేతువాది ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆ అమ్మాయి ఆ రాత్రి స్వెట్టరు అల్లి ఉన్నా బిడ్డ ఆరోగ్యంగా పుడితే, అదీ రుజువు కాదు. ఒక్క బిడ్డతో ఏదీ రుజువు కాదు. రుజువు పిండశాస్త్రంలో ఉంది, వారాల లెక్కలో ఉంది. మనం కూడా "ఫలానా వాళ్ళు గ్రహణంలో తిన్నారు, ఏమీ కాలేదు" అనే వాదంతోనే ఆగిపోతే నోయిడా శాపం వాళ్ళకీ మనకీ తేడా ఉండదు.

మూడో నష్టం డబ్బుది. దీని గురించి మన వాళ్ళు అసలు మాట్లాడరు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు పేరు వినని తెలుగువాళ్ళుండరు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే అల్లిక అది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వేలమంది ఆడవాళ్ళ చేతుల మీదుగా విదేశాలకు ఎగుమతయ్యే వ్యాపారమైంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ అక్కడ ఉండి పరిశోధన చేసి 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వేసింది. ఆవిడ చూపించింది ఏమిటంటే, ప్రపంచ మార్కెట్టు కోసం రోజులో ఎక్కువ భాగం పనిచేస్తున్న ఆ ఆడవాళ్ళని ఎవరూ కార్మికులు అనడం లేదు. గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు అంటున్నారు. తీరిక పని కాబట్టి కూలి పొలం కూలికన్నా ఎంతో తక్కువ. వ్యాపారం, ఎగుమతి, లాభం మాత్రం మగవాళ్ళవి.

హస్తవాసి అనే దేవుడి అసలు పని ఇక్కడ బయటపడుతుంది. "ఆడవాళ్ళకి ఓర్పు ఎక్కువ, వాళ్ళ చేతుల్లోనే ఆ నేర్పు ఉంటుంది" అన్నామనుకోండి. సహజంగా వచ్చిన దానికి జీతమెందుకు? చెట్టుకి కాయ కాసినందుకు కూలి ఇస్తామా? నేర్పు అనేది ఏళ్ళ తరబడి నేర్చుకున్న విద్య అని ఒప్పుకుంటే, ఆ ఏళ్ళకి వెల కట్టాలి. అందుకని అది విద్య కాదు, వరం అన్నారు. వరం అంటే చవక.

ఇది పచ్చి అబద్ధమని తెలుసుకోవడానికి నోయిడాలో ఒక పూట తిరిగితే చాలు. ఈ జిల్లాకి రెడీమేడ్ దుస్తులు పెట్టింది పేరు. ఆ ఫ్యాక్టరీల్లో కటింగ్ మాస్టరు మగవాడు. సెక్టారు మార్కెట్టులో టైలరు మగవాడు. బేకరీలో తెల్లవారుజామున పిండి కలిపేది మగవాడు, తందూరు దగ్గర రొట్టెలు చేసేది మగవాడు. జీతం ఉన్నచోట కుట్టడం, కాల్చడం మగవాడి చేతికి చక్కగా వస్తాయి. జీతం లేని ఇంట్లోకి రాగానే ఆ హస్తవాసి ఆడదాని చేతికి మారిపోతుంది. ఎంత తెలివైన దేవుడండీ! యూరప్‌లో కూడా ఒకప్పుడు అల్లిక వృత్తిసంఘాలు మగవాళ్ళవే. ఏళ్ళ తరబడి శిష్యరికం చేసి, పనితనం చూపిస్తేనే సభ్యత్వం ఇచ్చేవాళ్ళు. అల్లిక యంత్రాన్ని 1589లో కనిపెట్టిన విలియం లీ కూడా మగవాడే. చేతులు మారలేదు, ఎవరికి డబ్బివ్వాలన్న లెక్క మారింది.

అల్లిక అంటే చేతి ఓర్పేనా, బుద్ధి కాదా అనే వాళ్ళకి ఇంకొక సంగతి. అతివలయ తలం అనే ఒక వింత జ్యామితి ఉంది. దానికి చేత్తో పట్టుకుని చూడగలిగే గట్టి నమూనా చేయడం గణిత పండితులకు చాలాకాలం తలనొప్పి అయింది. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమీనా అనే గణిత శాస్త్రజ్ఞురాలు క్రోషే సూదితో దాన్ని అల్లి చూపించింది. నరసాపురం వీధి అరుగుల మీద ఉన్నది కూడా ఆ క్రోషే సూదే.

మన హేతువాదుల్లో కూడా ఈ పని చిన్నతనం అనుకునే వాళ్ళున్నారు. మన సభల్లో మహావిస్ఫోటం గురించి, పరిణామవాదం గురించి గంటలు గంటలు మాట్లాడతాం. పక్క గదిలో టీలు కలిపేది మాత్రం ఆడవాళ్ళే. "మీరు అల్లికలు అల్లుతున్నారటగా?" అని ఒక ఉద్యమ మిత్రుడు నవ్వుతూ అడిగాడు. ఆయనకి బార్బరా వాకర్ గురించి చెప్పాను. అల్లికలో ఆవిడ పేరు తెలియని వాళ్ళు అరుదు. 1968లో 'ఎ ట్రెజరీ ఆఫ్ నిటింగ్ ప్యాటర్న్స్' అనే పుస్తకంలో వందలాది అల్లిక నమూనాలను క్రమపద్ధతిలో కూర్చింది. ఆ చేత్తోనే 1987లో 'ది స్కెప్టికల్ ఫెమినిస్ట్' రాసింది. ఆవిడ నాస్తికురాలు. 1993లో అమెరికన్ హ్యూమనిస్ట్ అసోసియేషన్ ఆవిడని గౌరవించింది. అల్లికలో ఒక్క ఫందా తప్పితే నాలుగు వరసల తర్వాత ముక్కే చెబుతుంది, మీరు తప్పు అని. ఎంత పలుకుబడి ఉన్నా, ఎంత గొంతు చించుకున్నా తప్పు సరికాదు. విప్పాల్సిందే. హేతువాదానికి ఇంతకన్నా మంచి బడి ఎక్కడుంది?

ఒక హెచ్చరిక కూడా చేయాలి. వరాన్ని తూకం వేసినట్టే భయాన్నీ తూకం వేయాలి. నేను బ్రెడ్డు చేస్తానని తెలిసిన ప్రతివాడూ "మైదాలో అలోక్సాన్ అనే విషం కలుపుతారు, షుగరు వస్తుంది" అని వాట్సాప్ సందేశం పంపుతాడు. అలోక్సాన్‌ని ప్రయోగశాలలో ఎలుకలకి మధుమేహం తెప్పించడానికి వాడతారు, అంతవరకూ నిజం. మైదాలో దాన్నెవరూ కలపరు. మైదా రోజూ తినడం మంచిది కాకపోవడానికి పీచు లేకపోవడమనే మామూలు కారణం చాలు, విషం కథ అక్కర్లేదు. దీనికి భిన్నంగా, 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బజారు నుంచి 38 బ్రెడ్డు, బేకరీ నమూనాలు తెచ్చి పరీక్ష చేయించింది. 84 శాతం నమూనాల్లో పొటాషియం బ్రోమేట్ గానీ అయోడేట్ గానీ ఉన్నట్టు తేలింది. బ్రోమేట్ కేన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉంది. అదే ఏడాది ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పుకారు పదేళ్ళు తిరిగినా ఒక్క బ్రెడ్డుని బాగుచేయలేదు. కొలత కొన్ని వారాల్లో చట్టాన్ని మార్చింది.

అబ్రహాం కోవూర్ 1963లో మహిమలున్న వాళ్ళకి లక్ష రూపాయల సవాలు విసిరాడు. నా సవాలు అంత ఖరీదైనది కాదు. మీ ఇంట్లో మంచి హస్తవాసి ఉందని పేరున్న ఒకరినీ, చెయ్యి మంచిది కాదని మూల కూర్చోబెట్టిన ఒకరినీ పిలవండి. నెలసరి రోజులు కూడా కలిసొస్తే మరీ మంచిది. ఇద్దరికీ 500 గ్రాముల మైదా, 325 గ్రాముల నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల పొడి ఈస్ట్ కాటా మీద తూచి ఇవ్వండి. ఇద్దరూ పదేసి నిమిషాలు పిసకాలి. ఒకేలాంటి గిన్నెలు, ఒకే గది. ఏ గిన్నె ఎవరిదో తెలియని మూడో మనిషి వచ్చి, గంటన్నర తర్వాత స్కేలుతో ఎత్తు కొలిచి రాయాలి. ఒక్కసారి కాదు, పదిసార్లు చేయండి. పదిసార్లూ ఒకే చెయ్యి గెలిస్తే నాకు రాయండి, నేనే వచ్చి చూస్తాను.

అప్పటిదాకా మీ ఇంట్లో "నా చేతికి రాదు" అని ఏ అమ్మాయి అన్నా, ఏ అబ్బాయి అన్నా ఒప్పుకోకండి. చేతిలో కాటా పెట్టండి, స్కేలు పెట్టండి, పక్కన నోటు పుస్తకం పెట్టండి. ఓడిపోయేది హస్తవాసి ఒక్కటే. బ్రెడ్డు ఎలాగూ మీరే తింటారు.